నాటినవాళ్ళా, నాటువాళ్ళా?

పాతపుస్తకం: ఐర్లండ్‌లోని అల్‌స్టర్ గురించి చెబుతూ మా చరిత్ర మాస్టారు ఒక మాట అనేవారు. "నాటువాళ్ళను పీకి..." దాకా గుర్తుంది. తర్వాత "పరాయివాళ్ళను నాటారు" అనా, ఇంకేదైనానా? రెండు రోజులుగా ఒకటే టెన్షన్. అలా పరాయివాళ్ళను తెచ్చి నాటడాన్ని ఇంగ్లిష్‌లో 'ప్లాంటేషన్' అంటారు, అసలు దానికి మన మాటేమిటి? తోట అనలేం కదా!

అరసున్న: నాటింది మనుషుల్ని, తోటెలా అవుతుందండీ? 1607లో అక్కడి టిరోన్, టిర్‌కానెల్ ప్రభువులు ఓడెక్కి వెళ్ళిపోయాక ఆరు కౌంటీల్లో భూమి ఇంగ్లండ్ రాజుగారి పాలైంది. 1609 నుంచి ఇంగ్లిష్, స్కాట్ ప్రొటెస్టెంట్లకు పంచిపెట్టారు. సాగుబడి, దిగుబడి లాగా 'నాటుబడి' అందాం.

శకటరేఫం: నాటుబాంబులా ఉందండీ! నాటుకోడిలో 'నాటు' వేరు, నారు నాటే 'నాటు' వేరు. మొదటిది నాడు, అంటే దేశం. ఏడు-ఏటి, కాడు-కాటి, నాడు-నాటి.

అరసున్న: అలాగైతే 'నాటికోడి' అనాలి. చివర ఆ 'టు' ఎక్కడిది?

శకటరేఫం: తమిళంలో నాట్టుక్కోళి అంటారు. అటు చూడండి.

కడపోడు: రెండూ ఒకటే అంటా నేను. నాటుకున్నోడే నాలుగు తరాలకు నాటోడు.

శకటరేఫం: ఆ మాట అల్‌స్టర్‌లోని బెల్‌ఫాస్ట్‌లో అని చూడండి! అక్కడే డెర్రీ అని ఊరుంది. డెర్రీ అంటే ఓక్ తోపు. 1613లో దాని ముందు లండన్‌ను అంటుకట్టి లండన్‌డెర్రీ చేశారు. ఆ ఊరిని ఏ పేరుతో పిలవాలన్న గొడవ ఇంకా తేలలేదు.

అరసున్న: మాస్టారి 'పీకి' కూడా పూర్తిగా నిజం కాదు. ఇంగ్లిష్, స్కాట్ ఆసాములు తమ భూముల్లో ఐరిష్‌వాళ్ళను ఉంచకూడదన్నది షరతు. తీరా చూస్తే వచ్చిన జనం చాలలేదు. పాతవాళ్ళేమో ఎక్కువ కౌలు ఇస్తామన్నారు. దాంతో చాలాచోట్ల ఉండనిచ్చారు. కలుపు అనిపించుకున్నవాళ్ళే పైరుకు కౌలు కట్టారన్నమాట.

కడపోడు: ఆ ఆసాములకు పట్టాలో 1000, 1500, 2000 ఎకరాలే. అడవీ, బురదనేలా లెక్కలోకి రాలేదు కాబట్టి చేతికొచ్చింది చాలా ఎక్కువ. మన పోతన వామనుడే! ఇంతింతై, వటుడింతయై, మరియు తానింతై...

అరసున్న: 'మరియుఁ దా'. ద్రుతం మీద పరుషం సరళమైంది.

శకటరేఫం: మీ పేరు నిలబెట్టుకున్నారు. కానీ చదివేటప్పుడు ఆ అరసున్న ఎవరికి వినిపిస్తుంది?

అరసున్న: వినిపించకపోతే 'దా' ఎలా వచ్చిందండీ?

పాతపుస్తకం: అయ్యా, నా వాక్యం...

కడపోడు: ఉండన్నా, ఇది తేలనీ.