ఫ్లోరైడ్ పళ్ల మీద వేసిన రెజిన్ ఎన్నేళ్లు నిలుస్తుంది?

మర్రిగూడ_కోడలు:
చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లకు నా ముందు పళ్లన్నీ గోధుమ మచ్చలు పడ్డాయి. 2016లో పెళ్లికి ముందు నల్గొండలో ఆరు పళ్లకు రెజిన్ (పంటి రంగులో ఉండే పూత) వేయించుకున్నాను. మూడేళ్లు బాగానే ఉంది. తర్వాత పచ్చబడింది. ఇప్పుడు చిగురు పక్కన సన్నటి గీత కనిపిస్తోంది, ఒకచోట పెచ్చు లేచింది. మొత్తం అరగదీసి క్యాపులు వేయాలంటున్నారు. ఉన్న పన్ను అరగదీయడమంటేనే టెన్షన్‌గా ఉంది. మీ అనుభవాలు చెప్పండి.

దేవరకొండ_మాస్టారు:
చెల్లెమ్మా, 2011లో నాకు ఒకేరోజు రెండు దవడ పళ్లకు సిమెంట్ పెట్టారు. ఒకటి ఇప్పటికీ గట్టిగా ఉంది. రెండోది నాలుగేళ్లకే ఊడింది. డాక్టరూ ఒకరే, సిమెంటూ ఒకటే. ఊడినదాంట్లో పుచ్చు చిగురు కిందిదాకా పోయింది, పెడుతున్నంతసేపూ అక్కడ రక్తం, ఉమ్మి ఊరుతూనే ఉన్నాయి.

కల్వకుర్తి_అన్న:
నాకు రంగు మారలేదు, విరిగింది. అదీ రెండుసార్లు. నిద్రలో పళ్లు నూరుతానని తేలింది. రాత్రి పెట్టుకునే గార్డ్ చేయించుకున్నాక మళ్లీ విరగలేదు.

పళ్ల_డాక్టర్_నల్గొండ:
మాస్టారు గారు అసలు సంగతి పట్టుకున్నారు. రెజిన్ ఎక్కువగా అంచు దగ్గరే ఓడిపోతుంది. నీలం లైటుకు గట్టిపడేటప్పుడు అది సుమారు 2-3 శాతం కుంచించుకుపోయి అతుకును లాగుతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తాం. తర్వాత ఏళ్ల తరబడి నోటి తడిలో నానుతూ కొంత నీరు పీలుస్తుంది. టీ, పసుపు రంగులు దిగేది కూడా అలాగే. పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్ మీద అతుకు చాలాకాలం ఉంటుంది. లోపలి డెంటిన్ మీద అతుకును మాత్రం నీరు, పంటిలోనే ఉండే ఎంజైములు మెల్లగా తినేస్తాయి.

మన జిల్లా పళ్లతో ఇంకో చిక్కుంది. రెజిన్ అతుక్కోవాలంటే ముందు పన్నుకు ఆమ్లం రాసి గరుకు చేస్తాం. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ పైపొర ఆ ఆమ్లానికి తొందరగా లొంగదు. మామూలు పన్నుకు 15-30 సెకన్లు చాలు. వీటికి ఇంకాసేపు ఉంచాలి, లేదా పైపొరను కాస్త గీకాలి. ఆ పని సరిగ్గా జరగకపోతే పెచ్చు లేస్తుంది.

మేడం, గీత కనిపించినంత మాత్రాన లోపల పుచ్చు ఉన్నట్టు కాదు. ముందు ఎక్స్‌రే తీయించండి. పుచ్చు లేకపోతే పాలిష్ చేయవచ్చు, పెచ్చు లేచినచోట గరుకు చేసి కొత్త రెజిన్ అతికించవచ్చు. క్యాపుకోసం చుట్టూ తీసేసిన ఎనామెల్ మళ్లీ రాదు. అది ఆఖరి దారి కావాలని నా గట్టి అభిప్రాయం.

మర్రిగూడ_కోడలు:
డాక్టర్ గారూ, వేరే చోట చూపించాను. ఐదు పళ్లలో పుచ్చు లేదు, పాలిష్ చేశారు. పెచ్చు లేచినదాని అంచు కింద మెత్తబడిందట, అదొక్కటే తీసి, ఉమ్మి తగలకుండా రబ్బరు షీట్ కట్టి మళ్లీ వేశారు. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. మాస్టారూ, అన్నా, మీకూ ధన్యవాదాలు. మా పాపకు ఏడేళ్లు. పుట్టినప్పటి నుంచి నల్లా నీళ్లే తాగుతోంది. కొత్తగా వచ్చిన ముందు పళ్లు రెండూ తెల్లగా ఉన్నాయి.