కేర్ హోమ్‌లో పది దేశాలవాళ్లతో పని, నేను మామూలుగా మాట్లాడినా ఆర్డర్ వేసినట్టు ఉంటుందట

ఖమ్మం_పిల్ల:
అందరికీ నమస్కారం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక కేర్ హోమ్‌లో కేరర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. సీనియర్ ఫిలిప్పీన్స్ ఆవిడ, మిగతావాళ్లు నైజీరియా, జింబాబ్వే, రొమేనియా, ముగ్గురు మలయాళీలు, ఇక్కడే పుట్టి పెరిగిన ఇద్దరు. పని అలవాటైంది, మనుషులతోనే టెన్షన్. మొన్న ఒక పెద్దావిడని హాయిస్ట్‌తో (మనిషిని ఎత్తే మెషిన్) కుర్చీలోకి మార్చబోతూ, అటువైపు ఉన్న ఇంగ్లిష్ అమ్మాయితో "గివ్ మీ ద స్లింగ్" అన్నాను, స్లింగ్ అంటే మనిషి కింద వేసి హాయిస్ట్‌కి తగిలించే గుడ్డ. షిఫ్ట్ అయ్యాక సీనియర్ పిలిచి, నువ్వు అందరి మీదా పెత్తనం చేస్తున్నావని కంప్లయింట్ వచ్చింది అంది. ఇంట్లో నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అంటారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటి, నైజీరియా ఆవిడ గొంతు చాలా పెద్దది, నా మీద అరుస్తోందేమో అని ఆవిడతో జత పడిన రోజు గుండెల్లో రాయి పడుతుంది. మలయాళీ అమ్మాయిలేమో రెసిడెంట్‌కి (హోమ్‌లో ఉండే పెద్దవాళ్లకి) స్నానం చేయిస్తూ వాళ్ల భాషలోనే మాట్లాడుకుంటారు. తెలుగమ్మాయి దొరికితే నేనూ అదే చేస్తాను, ఒప్పుకుంటాను. ఎలా నెట్టుకురావాలి?

పాత_నర్సు:
చెల్లీ, నువ్వు మర్యాద తప్పలేదు. తెలుగులో "ఆ స్లింగ్ ఇవ్వండి" అంటే గౌరవమంతా ఆ "అండి"లోనే ఉంది, విడిగా ప్లీజ్‌తో మనకి పనే లేదు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఆ అండి రాలిపోయి ఒట్టి ఆజ్ఞ మిగులుతుంది. "కుడ్ యూ పాస్ మీ" అను, చివర ప్లీజ్, అందాక థాంక్యూ, పూటకి యాభైసార్లైనా సరే.

అర్థం కాని మాటని మాత్రం వదిలేయకు. నా కొత్తలో ఒక పెద్దావిడ "ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ" అంటుంటే డబ్బులేమో అనుకుని పర్స్ వెతికి చేతిలో పెట్టాను. బాత్రూమ్‌కి వెళ్లాలని అర్థమట, ఒకప్పుడు పబ్లిక్ టాయిలెట్ తలుపు ఒక పెన్నీ వేస్తేనే తెరుచుకునేదట. అప్పటికే నైటీ తడిసిపోయింది, ఆవిడ పర్స్‌ని రెండు చేతులతో ఒళ్లో గట్టిగా పట్టుకుని తల దించుకుని కూర్చుంది. ఆ మాట నాకు విడమర్చి చెప్పింది జింబాబ్వే కొలీగే. మీవైపు ఇంకో తిరకాసు ఉంది, చాలామంది మధ్యాహ్నం భోజనాన్ని డిన్నర్ అంటారు, సాయంత్రం తిండిని టీ అంటారు. ఫుడ్ చార్ట్‌లో టైమ్ కూడా రాయి.

నైట్_షిఫ్ట్:
రెసిడెంట్ దగ్గర సొంత భాష ఈరోజే మానేయండి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మనిషి ఒంటి మీద బట్టల్లేకుండా ఉంటే, పైన ఇద్దరు ఏదో భాషలో నవ్వుకుంటుంటే తన గురించే అనుకోదా? మా అమ్మమ్మకి అలా చేస్తే నేను ఊరుకోను. అదే ఆ మనిషి భాష మనకి వస్తే తప్పకుండా మాట్లాడాలి. మా దగ్గర ఒక గుజరాతీ ముసలమ్మకి ఇంగ్లిష్ దాదాపు పోయింది, నా వచ్చీరాని హిందీతో పలకరిస్తేనే రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

హైదరాబాద్_టు_లీడ్స్:
అన్నిటినీ కల్చర్ అని సర్దుకుపోవద్దు. రెసిడెంట్ నల్లజాతి కొలీగ్‌ని "చెయ్యి తియ్" అని తిడితే జబ్బు అనుకుని పక్కకి జరిగి, కాసేపాగి వెళ్లొచ్చు. జరిగింది రాసిపెట్టే ఇన్సిడెంట్ ఫామ్ వద్దని మేనేజర్ అంటే అది జబ్బు కాదు. నైట్లు, వీకెండ్లు ఎప్పుడూ స్పాన్సర్‌షిప్ మీద (యజమాని ఇప్పించిన వీసా మీద) ఉన్నవాళ్లకే పడుతుంటే రోటా (డ్యూటీల పట్టిక) కాపీలు దాచుకో. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్త కేరర్లని తీసుకోవడమే ఆపేశారు, ఆ భయంతోనే మనవాళ్లు నోరెత్తరు. కానీ జాతిని బట్టి, రంగుని బట్టి తేడా చూపించడం 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం నేరుగా చట్టవిరుద్ధం. యూనిసన్ లాంటి యూనియన్‌లో ముందే చేరు, గొడవ అయ్యాక కాదు.

ఖమ్మం_పిల్ల:
అక్కా, అన్నా, థాంక్స్. నిన్న బ్రేక్‌లో ధైర్యం చేసి నైజీరియా ఆవిడనే అడిగాను, నా మీద కోపమా అని. తెల్లబోయింది. వాళ్లింట్లో తొమ్మిదిమందట, గట్టిగా అనకపోతే ఎవరికీ వినపడేది కాదట. నేను మాట్లాడకుండా తప్పించుకు తిరుగుతుంటే తనంటే నాకు ఇష్టం లేదనుకుందట, ఈ ఎనిమిది నెలలూ. రేపు లాంగ్ డే, అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా షిఫ్ట్, ఆవిడతోనే.