సమస్య: "పేడపురుగు మింటఁ బెన్నిధిఁ గనె"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. పేడలో బతికేదానికి మింట నిధేమిటని నన్నడక్కండి, తేల్చాల్సింది మీరే.

చీకటిచుక్క:

చిక్కనైన రేయి చీఁకటి వేళలోఁ
బాలపుంత దారిఁ బట్టి సాగె
నుండఁ దొర్లఁజేయు నుద్యోగి యెవరన
పేడపురుగు, మింటఁ బెన్నిధిఁ గనె.

నిర్వాహకుడు: ప్రశ్నకు జవాబుగా పాదాన్ని విరిచిన తీరు బాగుంది. "ఉద్యోగి" మరీ నచ్చింది, జీతంలేని ఉద్యోగం!

గణపరీక్ష: గణాలు, యతులు సరే. కానీ తల నేలకానించి, వెనక కాళ్లతో ఉండను నెడుతూ వెనక్కి నడిచే జీవి మిన్నెలా చూస్తుందండీ?

చీకటిచుక్క: దాని ప్రతి కన్నూ పై సగం, కింది సగంగా విడి ఉంటుంది. పైగా బయల్దేరేముందు ఉండెక్కి గుండ్రంగా తిరిగి దిక్కు చూసుకుంటుంది. తిన్నగా పోకపోతే మళ్లీ పేడకుప్ప దగ్గరికే చేరుతుంది, అక్కడ ఉండను లాక్కునే దొంగపురుగులు కాచుకునుంటాయి. 2013లో స్వీడన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుల ప్రయోగం వచ్చింది. పురుగుల తలకు అట్టటోపీ పెడితే దారి తప్పి వంకరటింకరగా తిరిగాయి. జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలో పాలపుంత ఒక్కటే చూపినా తిన్నగా పోయాయి.

గణపరీక్ష: అయితే నా ఆక్షేపణ వెనక్కి. నా పూరణ:

నైలు తీరమందు నాఁటి వారలకును
నుదయసూర్యుఁ డొక్క యుండయయ్యె
దాని నెట్టు ఖెప్రి దైవమై నిలువఁగఁ
బేడపురుగు మింటఁ బెన్నిధిఁ గనె.

నిర్వాహకుడు: ఈజిప్టు దాకా వెళ్లొచ్చారు. ఖెప్రి అంటే పేడపురుగు రూపంలో సూర్యుణ్ని నెట్టే వాళ్ల దేవుడన్నమాట. "ఉండయయ్యె" నాలుకకు కాస్త అడ్డం పడుతోంది, అంతే.

కొత్తకలం: తొలి ప్రయత్నం, మన్నించాలి.

తోక యెత్తె బర్రె తొలిజాము వేళలోఁ
గ్రిందనుండి పైకిఁ జూచినంత
నాకసమ్మె కురిసె నమృతంబటంచును
బేడపురుగు మింటఁ బెన్నిధిఁ గనె.

నిర్వాహకుడు: హహ్హ! ఇప్పటిదాకా వచ్చిన భావాల్లో ఇదే మేటి. కానీ రెండో పాదంలో "గ్రి"కి "జూ" యతి కుదరదు. అదీగాక, పేడ జాడను అది కంటితో కాదు, మీసాలతో వాసన పట్టి తెలుసుకుంటుంది. "చూచినంత" ఎలాగూ పోవాల్సిందే.

కొత్తకలం: "గ్రిందనుండి పైకిఁ గేలు మోడ్చి" అంటే?

నిర్వాహకుడు: భేష్, యతి కుదిరింది.

గణపరీక్ష: ఆరు కాళ్లలో మోడ్చింది ఏ జత?

కొత్తకలం: ఉండ ఇంకా చుట్టలేదు కదండీ, అన్నీ ఖాళీయే.