సాయం తీసుకుంటే సొంత కాళ్ల మీద నిలబడే గుణం పోతుందా?

తొలికిరణం:
రెండు వారాలుగా మా ఇంట్లో ఇదే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా తమ్ముడికి ఉద్యోగం పోయి 14 నెలలు ఖాళీగా ఉన్నాడు. నిరుద్యోగ భృతితోనే ఇల్లు గడిచింది. మధ్యలో ఒకచోట సగం పూట పని దొరికితే వెళ్లాడు. ఆ నెలలోనే భృతి మొత్తం ఆపేశారు. చేతికొచ్చే జీతం భృతి కంటే తక్కువ, పైగా రానుపోను ఖర్చులు. మూడు నెలలు లాక్కొచ్చి ఇక వల్లకాక మానేశాడు. చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఊరికే వస్తుంటే ఎవడు పని చేస్తాడు?"

వాడిని కూర్చోబెట్టింది సాయం కాదని నా అభిప్రాయం. సంపాదన మొదలవగానే సాయాన్ని ఒక్కసారిగా తెంచేసే పద్ధతి వాడిని కూర్చోబెట్టింది. వంద సంపాదిస్తే నూట ఇరవై పోయేటప్పుడు ఎంత కష్టజీవి అయినా ఏం చేస్తాడు? మీరేమంటారు?

గట్టిమాట:
మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ ఒక నిబంధన బాగాలేదని అసలు సమస్యే లేదనకండి. మా నాన్న పోయేనాటికి మేం ముగ్గురం చిన్నపిల్లలం. అమ్మ కుట్టుమిషన్ మీద మమ్మల్ని పెంచింది. వితంతు పింఛనుకి రాయించుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు. "ఒకసారి చాచిన చెయ్యి మళ్లీ ముడుచుకోదు" అనేది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని పెద్దలు ఊరికే అనలేదు.

అమెరికాలో 1996లో చట్టం మార్చి, కేంద్ర నిధులతో ఇచ్చే నగదు సాయానికి జీవితం మొత్తంలో 5 ఏళ్ల పరిమితి పెట్టారు. పని చేయాలన్న షరతూ పెట్టారు. తర్వాతి కొన్నేళ్లలో ఒంటరి తల్లుల్లో పనికి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. గడువుందని తెలిస్తే మనిషి కదులుతాడు.

పాతపుటలు:
గట్టిమాట గారూ, అదే సమయంలో అక్కడ ఉద్యోగాలు కూడా బాగా దొరికాయి. అంతకుముందే, 1993లో, తక్కువ జీతానికి పనిచేసే కుటుంబాలకి పన్నుల ద్వారా తిరిగిచ్చే సొమ్మును బాగా పెంచారు. అదీ ప్రభుత్వ సాయమే, కాకపోతే పని చేస్తేనే వస్తుంది. కాబట్టి ఆ పెరుగుదల అంతా గడువు వల్లే అనలేం.

ఈ వాదన 200 ఏళ్ల పైమాటే. ఇంగ్లండ్‌లోని స్పీన్‌హామ్‌లాండ్‌లో 1795లో న్యాయాధికారులు ఒక పద్ధతి పెట్టారు. రొట్టె ధరనీ ఇంట్లో మనుషుల సంఖ్యనీ చూసి, కూలి చాలకపోతే ఆ తక్కువైనంత స్థానిక పన్నుల నిధి నుంచి ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కానీ లోటు ఎలాగూ ఆ నిధి పూడుస్తుంది కదా అని యజమానులు కూలి పెంచడం లేదన్న విమర్శ వచ్చింది. చివరికి 1834లో చట్టం పూర్తిగా ఎదురుదిక్కుకి తిరిగింది. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించే చోట, చేరాలి. అక్కడి బతుకు బయట అందరికన్నా తక్కువ కూలి వచ్చేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలి. అదే రాసుకున్న సూత్రం. లోపలికి వెళ్లాక భర్త ఒకచోట, భార్య ఒకచోట, పిల్లలు ఇంకోచోట. సిగ్గుపడేలా చేస్తేనే జనం కష్టపడతారన్న నమ్మకం అది. మన దరఖాస్తు ఫారాలు చూస్తే అది ఇంకా బతికే ఉందనిపిస్తుంది నాకు.

ఫిన్లాండ్ సంగతీ చూడండి. 2017, 2018 రెండేళ్లు 2,000 మంది నిరుద్యోగులకి నెలకి 560 యూరోలు ఏ షరతూ లేకుండా ఇచ్చారు. ఉద్యోగం దొరికినా ఆ సొమ్ము ఆగదు. వాళ్లు పని మానుకుని కూర్చోలేదు. 2017 నవంబర్ నుంచి ఏడాది లెక్క తీస్తే సగటున 78 రోజులు పనిచేశారు, మిగతా నిరుద్యోగులకన్నా 6 రోజులు ఎక్కువ. టెన్షన్ తగ్గిందని, మనసు కుదుటపడిందని కూడా చెప్పారు.

గట్టిమాట:
ఏడాదికి 6 రోజులా? పైగా 2018లో నిరుద్యోగులకి అక్కడ కొత్త నిబంధనలు వచ్చాయి, ఆ ఆరు రోజులూ దీని ఫలితమేనని కచ్చితంగా చెప్పలేం. సోమరులు కాలేదు, అంతవరకు ఒప్పుకుంటాను.

కిటికీ_ఇవతల:
నేను 11 ఏళ్లుగా ఇలాంటి సాయం కోసం వచ్చే దరఖాస్తులే చూస్తున్నాను. తప్పుడు కాగితాలు తెచ్చేవాళ్లు ఉన్నారు, లేరని చెప్పను. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం అర్హత ఉండీ రానివాళ్లు. వరుసలో నిలబడితే తెలిసినవాళ్లు చూస్తారని సగం దూరం వచ్చి వెనక్కి వెళ్లిపోతారు.

ఇంకో మాట. అమెరికాలో 2008లో జరిగిన ఒక సర్వే వివరాలు సుజాన్ మెట్లర్ అనే రాజనీతి శాస్త్రవేత్త ప్రచురించారు. ఇంటి అప్పు వడ్డీ మీద పన్ను మినహాయింపు పొందినవాళ్లలో 60 శాతం మంది, తాము ఏ ప్రభుత్వ సామాజిక పథకాన్నీ వాడుకోలేదని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అది సాయమని వాళ్లకి అనిపించలేదు, అంతే. వరుసలో నిలబడి తీసుకున్నదే మన కంటికి సాయంగా కనిపిస్తుంది.

గట్టిమాట గారూ, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారు పింఛను వద్దన్నప్పుడు ఆ లోటు ఇంట్లో ఎవరు భరించారు?

తొలికిరణం:
నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. రూపాయి సంపాదిస్తే సాయంలో అర్ధరూపాయి తగ్గించండి, మొత్తం లాగేయకండి. అలా ఉండుంటే మా తమ్ముడు ఆ పనిలోనే ఉండేవాడు.

గట్టిమాట:
ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. భరించింది మా అక్క. 13వ ఏట బడి మాని అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. నేనూ తమ్ముడూ చదువుకున్నాం. కిటికీ_ఇవతల గారి ప్రశ్న చదివాక నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేశాను. పింఛనుకి రాయించుకోమని అమ్మని బతిమాలినవాళ్లలో తనూ ఉందట. ఇన్నేళ్లలో నాకా సంగతి తెలియదు. అమ్మ మీద కోపం ఉందా అంటే లేదంది. ఇంకో రెండేళ్లు చదివితే బాగుండేదంది.

సాయానికి గడువు ఉండాలన్న నా మాట మీద ఇప్పటికీ ఉన్నాను. తొలికిరణం గారు చెప్పినట్టు మెల్లగా తగ్గించడం న్యాయమే. కానీ అమ్మ పింఛను తీసుకోలేదన్న సంగతిని నేను ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నట్టు ఇకమీదట చెప్పలేను.