ఏ ప్రొసీజర్‌ని నమ్మి పదిమందికీ ఇవ్వచ్చు?

ప్రశ్న: మా ల్యాబ్‌లో అందరికీ పనికొచ్చే సింథసిస్ (రసాయనాల తయారీ) ప్రొసీజర్లు ఒకచోట పెడదామనుకుంటున్నా. పేపర్లో 92 శాతం యీల్డ్ (లెక్కప్రకారం రావాల్సిన దాంట్లో నిజంగా చేతికొచ్చేది) అన్న ఆక్సిడేషన్ నేను రెండుసార్లు చేసినా 40 దాటలేదు. ఇలాంటివి పెట్టాలా, వదిలేయాలా?

జవాబు: మాంగనీస్ డయాక్సైడ్‌తోనా? అయితే తప్పు మీది కాకపోవచ్చు. దాన్ని ఎలా తయారుచేశారు, ఎంత ఆరబెట్టారు అన్నదాన్ని బట్టి పనితీరు మారిపోతుంది, ఆ వివరం రాయని ప్రొసీజర్‌ని నేనైతే పెట్టను.

ప్రశ్న అడిగినవారు: అవునండీ, అదే! ఎప్పుడు తెరిచారో తెలియని పాత సీసాలోది వాడా.

జవాబు: నా లెక్క ఒకటే, రాసినవాళ్లు కాకుండా వేరే మనిషి ఆ కాగితం మాత్రమే చూసి చేసినా రావాలి. 1921లో మొదలైన ఆర్గానిక్ సింథసెస్ అనే పత్రిక వాళ్లు ప్రతి ప్రొసీజర్‌నీ ఎడిటర్లలో ఒకరి ల్యాబ్‌లో మళ్లీ చేయించాకే వేస్తారు. ఇంకోటి, "ఓవర్‌నైట్ కలపాలి" అంటే ఎన్ని గంటలు బాబూ? టీఎల్‌సీలో (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో మచ్చల్లో చూసే చిన్న పరీక్ష) స్టార్టింగ్ మెటీరియల్ మచ్చ పోయేదాకా అని రాస్తే సరిపోతుంది కదా.

జవాబు: స్కేల్ కూడా రాయాలి. 50 మిల్లీగ్రాములకి బుద్ధిగా నడిచిన రియాక్షన్ 10 గ్రాములకి అలాగే నడుస్తుందని ఏమీ లేదు. ఓసారి గ్రిన్యార్డ్ (ఈథర్‌లో మెగ్నీషియం మీద హాలైడ్ పోసి చేసే రియాక్షన్) మొదలవట్లేదని తొందరపడి హాలైడ్ అంతా పోసేశా, కాసేపు ఏమీ లేదు, తర్వాత ఈథర్ ఒక్కసారిగా కండెన్సర్ పైదాకా పొంగింది. మొదలైన గుర్తు కనిపించాకే మిగతాది చుక్కచుక్కగా పోయాలన్న ముక్క ఆ ప్రొసీజర్లో లేదు మరి.