పోలీసు కేసుకు పిలిచి యుద్ధానికి పంపితే? – అప్పగింతపై చర్చ

నీలవేణి (లైప్సిగ్): 2025 జనవరి 16న జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం ఒక తీర్పిచ్చింది. జర్మనీలో ఉన్న ఉక్రెయిన్ పౌరుడొకరిని, అక్కడ పోలీసు మీద దాడి చేశాడన్న కేసులో అప్పగించమని ఉక్రెయిన్ అడిగింది. తను ఆయుధం పట్టనని, తన మనస్సాక్షి ఒప్పుకోదని, వెనక్కి పంపితే సైన్యంలోకి లాగుతారని అతని వాదన. 1977లో ఇదే కోర్టు ఇలాంటి వాదనను ఒప్పుకుంది. ఈసారి మాత్రం, అన్యాయంగా దాడికి గురైన దేశం సంగతి వేరు, పంపొచ్చు అంది. మీరేమంటారు?

రమణ_ఓరుగల్లు: అనడానికేముంది? పోలీసును కొట్టినవాడు కోర్టుకెళ్లాలి. యూరప్ వాళ్లకి మనమంటేనే లోకువ. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసు నిందితుణ్ని డెన్మార్క్ కోర్టు 2011లో మనకివ్వనంది, చిత్రహింసలు పెడతారట. 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు తిహార్ జైలు పరిస్థితులు చూపించి ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీని పంపనంది. మనకివ్వని మనిషిని బాంబులు పడే దేశానికిస్తారా?

పక్కింటి ప్లీడర్: రమణగారూ, ఇంతకీ అప్పగించాలంటారా, వద్దంటారా?

రమణ_ఓరుగల్లు: అప్పగించాలి, మనకూ అప్పగించాలి. మా నాన్న రిటైర్మెంట్ డబ్బు చిట్టీల పేరుతో తిన్నవాడు విదేశంలో హాయిగా ఉన్నాడు. వాయిదాలు చూస్తూనే మా నాన్న పోయాడు. మోసపోయినవాళ్లకి మానవ హక్కులుండవా?

నీలవేణి (లైప్సిగ్): నాన్నగారి సంగతి విని బాధేసింది. కానీ ఇక్కడ గొడవ విచారణ గురించి కాదు. 1957 నాటి యూరప్ అప్పగింత ఒప్పందంలో సైనిక నేరాలకు అప్పగింత లేదు. అంటే సైన్యం తప్పించుకున్నాడు, పంపండి అని అడగడానికి వీల్లేదు. పోలీసు కేసు పెట్టి అడగొచ్చు. ఆ కేసు తేలాక సైన్యంలోకని జైలు గేటు దగ్గరే పట్టుకుంటే దిక్కెవరు?

పక్కింటి ప్లీడర్: అదే ఒప్పందం 14వ అధికరణం చూడండి. ఏ నేరానికి తెచ్చారో విచారణైనా, నిర్బంధమైనా దాని వరకే. తుది విడుదలయ్యాక, వెళ్లే అవకాశముండి కూడా 45 రోజుల్లో దేశం వదలకపోతేనే ఆ రక్షణ పోతుంది.

నీలవేణి (లైప్సిగ్): ఉక్రెయిన్ మార్షల్ లాలో (యుద్ధకాలపు సైనిక చట్టంలో) సైన్యంలోకి పిలిచే వయసు మగవాళ్లని సరిహద్దు దాటనివ్వరు. ఇక ఆ 45 రోజులు దేనికి?

మూడోకన్ను: కీవ్ చూసి రావడానికి 😂

రమణ_ఓరుగల్లు: చూడమ్మా, అంత మనస్సాక్షి ఉన్నవాడు పోలీసును ఎందుకు కొట్టాడు?

నీలవేణి (లైప్సిగ్): నన్ను అమ్మా అనకండి. కొట్టాడని ఇంకా రుజువు కాలేదు. 2011లో బయాత్యాన్ కేసులో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు, మనస్సాక్షి ఒప్పుకోక ఆయుధం పట్టననడం రక్షించాల్సిన హక్కేనంది. జర్మనీ రాజ్యాంగం నాలుగో అధికరణం కూడా అదే చెబుతుంది. యుద్ధం వస్తే రద్దయ్యేట్టయితే, యుద్ధం లేనప్పుడు ఈ హక్కు ఎవరికి కావాలి?

సుజాత: మా బంధువులబ్బాయిని హెల్పర్ పని అని ఏజెంట్ రష్యా పంపితే అక్కడ చేతికి తుపాకీ ఇచ్చారు. వాళ్లమ్మ ఇప్పటికీ ఫోన్ పక్కనే పడుకుంటుంది. మీరు అధికరణాలు లెక్కపెట్టుకోండి.

రమణ_ఓరుగల్లు: అది రష్యా, దాడి చేసిన దేశం. ఇది దాడికి గురైన దేశం. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. వాడికి మాత్రం చావాలనుందా? అందరూ మనస్సాక్షి అంటే సరిహద్దులో నిలబడేదెవడు? చేతిలో డబ్బున్నవాడు బెర్లిన్ చేరతాడు, లేనివాడు బఖ్‌ముత్ యుద్ధభూమిలో పోతాడు. నా కోపమంతా అక్కడ.

నీలవేణి (లైప్సిగ్): మీ తమ్ముడు తనంతట తాను చేరాడు. మన దేశంలో బలవంతంగా చేర్చుకోరు.

రమణ_ఓరుగల్లు: అంటే జీతం కోసం చేరాడంటావా?

నీలవేణి (లైప్సిగ్): నేను అనని మాట నా నోట్లో పెట్టకండి. చావడానికి భయపడేవాడు వేరు, చంపనన్నవాడు వేరు. మత విశ్వాసం అడ్డొచ్చేవాళ్లకి వేరే సేవ ఇస్తామని ఉక్రెయిన్ రాజ్యాంగమే 35వ అధికరణంలో చెప్పింది. ఈ యుద్ధంలో ఆ దారి మూసేశారు. తుపాకీ పట్టనన్న విశ్వాసులకు జైలు శిక్షలు కూడా పడ్డాయి.

పక్కింటి ప్లీడర్: తీర్పులో ఇంకో మాట ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. అసాధారణ పరిస్థితి వస్తే జర్మనీ పౌరులకు కూడా ఈ హక్కు నిలవకపోవచ్చని కోర్టు అంది.

రమణ_ఓరుగల్లు: ఓహో, లైప్సిగ్‌లో టెన్షన్ అందుకన్నమాట.

నీలవేణి (లైప్సిగ్): మావాడికి పదిహేడేళ్లు, జర్మనీ పౌరుడు. అవును, టెన్షనే.

రమణ_ఓరుగల్లు: ముందే చెప్పొచ్చుగా. అయినా నా మాట మారదు.