ఇత్తడి గంటలు కడగడానికి ఎలాంటి వెట్ టంబ్లర్ కొనాలి?

ప్రశ్న:
హనుమకొండలో మాకు పెంబర్తి ఇత్తడి సామాను అమ్మే చిన్న షాపు ఉంది. చిన్న గంటలు, తలుపు గుబ్బలు నల్లబడితే చింతపండుతో తోమిస్తున్నాం. పెళ్లిళ్ల సీజన్‌లో చేతులు సరిపోవు. వెట్ టంబ్లర్ (సామానును నీళ్లలో వేసి తిప్పి కడిగే డ్రమ్ము మిషను) కొందామంటే నగిషీ అరుగుతుందేమోనని టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి.

జవాబు:
అన్నా, లోపల రబ్బరు అతికించిన డ్రమ్మే తీసుకోండి. చప్పుడు తగ్గుతుంది, సామానుకు సొట్టలు తక్కువ. సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వేయండి, గంట లోపలి మూలల్లోకి కూడా పోతాయి. సామాను మునిగేలా నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. నిమ్మ ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టండి. ఎక్కువైతే ఇత్తడి పైపొరలోని జింకు కరిగి రాగి తేలుతుంది, ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మళ్లీ పాలిష్ పెడితే గానీ పోదు. మొదటిసారి అరగంటకే ఆపి ఒక ఇత్తడి గంటను బయటికి తీసి చూడండి. డ్రమ్ము నిండా కుక్కకండి, సామాను దొర్లాలి.

ఇంకో జవాబు:
పలుచటి రేకు మీద కొట్టిన నగిషీ పలకలు అస్సలు వేయొద్దు, వంగుతాయి. అవి చేత్తో తోమాల్సినవే. లక్కర్ పూత (మెరుపు పోకుండా వేసే వార్నిష్ లాంటిది) ఉంటే ముందు థిన్నర్‌తో తీసేయండి.

ప్రశ్న అడిగినవారు:
మాది బోరు నీళ్లు. మచ్చలు పడవా?

జవాబు:
పడతాయి. ఆఖరి కడుగుడు ఆర్వో నీళ్లతో చేసి, వెంటనే నూలు గుడ్డతో తుడవండి. గంటల్లో ఇరుక్కున్న పిన్నులు దులపడం మర్చిపోకండి.